మామ్మను కుర్చీలోంచి లేపేసి చేసిన సన్మానం

మధ్యాహ్నం నుంచీ మనసు మనసులో లేదు. కంచం ముందు కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. ఇది రాయకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు. మా సంఘం వాళ్ళు చాలామంది నా పోస్టులు చూస్తారని తెలుసు. చూడాలనే రాస్తున్నాను.

ఈ రోజు మా చర్చిలో కోత పండుగ. ముందు వరసలో, ఎడమవైపు గోడ పక్కన ఉండే కుర్చీ మామ్మది. ఎవరూ రాసివ్వలేదు, కానీ ఊరందరికీ తెలుసు అది మామ్మ కుర్చీ అని. ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు వంగవు, చాప మీద కూర్చోలేదు. చెవులు సరిగ్గా వినపడవు, అందుకే ముందుకొచ్చి కూర్చుంటుంది. నేను పుట్టకముందు నుంచీ ఆ గుడి ఊడ్చింది ఆవిడే. ప్రేమ విందు అంటే తెల్లవారుజామున పొయ్యి ముట్టించింది ఆవిడే. ఎవరింట్లో కాన్పయినా, ఎవరింట్లో పీనుగ లేచినా పాస్టరు అయ్యగారికంటే ముందు ఆ గుమ్మంలో ఉండేది ఆవిడే. ఒక్క నెల జీతం తీసుకోలేదు.

రెండో పాట నడుస్తుండగా కమిటీ కుర్రాడొకడు వచ్చి, "మామ్మా, లే, వెనక్కెళ్ళి కూర్చో, గెస్టులొస్తున్నారు" అన్నాడు. ఆవిడకు వినపడలేదు. రెక్క పట్టుకుని లేపాడు. ఆవిడ బైబిలు, కళ్ళజోడు పెట్టె, సంచి ఒక్కొక్కటీ తీసుకుంటూ ఉంటే అప్పుడే కుర్చీ పక్కకు లాగేశాడు. అక్కడ తెల్ల గుడ్డ కప్పిన కుర్చీలు వేశారు. మామ్మ నడవలో నిలబడి, ఎటు వెళ్ళాలో తెలియక, చేతిలో బైబిలుతో అటూ ఇటూ చూసింది. ఆ చూపు నా కళ్ళముందు నుంచి పోవట్లేదు. చివరికి చెప్పులు విడిచే చోట, గుమ్మం పక్కన ఒక స్టూలు మీద కూర్చుంది. నేను పాటల బృందంలో మైకు దగ్గర ఉన్నాను. దిగి వెళ్ళలేకపోయాను. దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

వచ్చిన పెద్దమనిషి చర్చికి సౌండ్ సిస్టమ్ ఇప్పించారు. మంచిదే, దేవుడు ఆయన్ని దీవించాలి. ఆయన మీద నాకు కోపం లేదు, కూర్చోమన్నచోట కూర్చున్నారు. ఇరవై నిమిషాల పాటు శాలువాలు, దండలు, మెమెంటో, ఫోటోలు. కమిటీ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోటోలోకి రావడానికి తోసుకున్నారు. ఇదంతా అయ్యాక వాక్యం చదివారు. ఏ వాక్యమో తెలుసా? రోమా పత్రిక 12వ అధ్యాయం, 10వ వచనం. "ఘనతవిషయములో ఒకని నొకడు గొప్పగా ఎంచుకొనుడి." నేను మైకు దగ్గర నిలబడి గుమ్మం వైపు చూశాను. ఆవిడ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని వినడానికి ప్రయత్నిస్తోంది.

యాకోబు తన పత్రికలో ఈ సంగతి పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు కదండీ. రెండో అధ్యాయం తీయండి. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలు కట్టుకున్నవాడు సమాజమందిరంలోకి వస్తే, ఇక్కడ మంచి స్థలంలో కూర్చోమంటారు. మాసిన బట్టల పేదవాడితో అక్కడ నిలబడు, లేదా నా పాదపీఠం దగ్గర కూర్చో అంటారు. కుర్చీల గురించే రాశాడు! అచ్చంగా కుర్చీల గురించే! ఇంత స్పష్టంగా ఉన్న మాటను ఏళ్ళ తరబడి చదివి, వినిపించి, పిల్లలతో కంఠస్థం చేయించి, ఆదివారం పదిన్నరకు మళ్ళీ అదే పని ఎలా చేయగలుగుతున్నాం?

"పెద్దలను గౌరవించడం తప్పా సిస్టర్?" అని అడుగుతారు. తప్పని నేను అనలేదు. పేతురు మొదటి పత్రికలో "అందరిని సన్మానించుడి" అని మొదలుపెట్టి "రాజును సన్మానించుడి" అని ముగించాడు. రాజుకూ అందరికీ వాడింది ఒకే మాట. ఆ "అందరి"లో మామ్మ లేదా? పౌలు ఇంకా ముందుకెళ్ళాడు. శరీరంలో ఏ అవయవాలు ఘనత లేనివని అనుకుంటామో వాటినే మరి ఎక్కువగా ఘనపరుస్తాం అని కొరింథీయులకు రాశాడు. కాబట్టి తెల్ల గుడ్డ కప్పిన కుర్చీ ముందు ఎవరికి వేయాలో లెక్క తేలిపోయింది.

ఫ్యాన్ల సంగతి కూడా చెప్పాలి. మా గుడిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా, ప్రతి బల్ల మీదా ఫలానావారి జ్ఞాపకార్థం అని ఎర్ర పెయింటుతో పేర్లున్నాయి. ఆరాధనలో తల పైకెత్తితే పేర్లే కనపడతాయి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మందిరంలో! కొర్బాను, అంటే ఇది దేవునికి అర్పించేశాం, అని చెప్పి తల్లిదండ్రుల పోషణ ఎగ్గొట్టేవాళ్ళను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు ఏడో అధ్యాయంలో ఉంది. ఊళ్ళో ఉన్న అమ్మకు మందులు కొనకుండా చర్చికి ఫ్యాను ఇచ్చే కొడుకులు మనలో ఎంతమంది ఉన్నారో ఎవరి గుండెకు వాళ్ళకు తెలుసు.

ఇక్కడిదాకా వచ్చాక మా నాన్న మాట చెప్పకుండా ఉండలేను. ఇన్నేళ్ళు ఎక్కడా రాయలేదు.

నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు పల్లెటూళ్ళలో పాస్టరుగా పనిచేశారు. సైకిలు మీద నాలుగు ఊళ్ళు తిరిగేవారు. పండుగలకు, సభలకు పిలిచి శాలువా కప్పేవారు. ఇంట్లో ట్రంకు పెట్టె నిండా శాలువాలే. అదే ఇంట్లో నెలాఖరుకు బియ్యం డబ్బాలో గరిట అడుక్కి తగిలి చప్పుడయ్యేది. జీతం రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు ఆలస్యం. అడిగితే "దేవుని సేవకులు డబ్బు గురించి మాట్లాడకూడదయ్యా" అనేవాళ్ళు పెద్దలు. నాన్న మాట్లాడేవారు కాదు. అమ్మ ఆ శాలువాలు రెండు కలిపి కుట్టి చలికాలం మాకు దుప్పటిగా కప్పేది.

నాన్నే నాకు నేర్పించారు: మన బైబిల్లో సన్మానం, ఘనత అని ఉన్నచోట గ్రీకులో తరచుగా ఉండే మాట "తిమే" అని. దానికి గౌరవం అనే అర్థమూ ఉంది, వెల అనే అర్థమూ ఉంది. యేసును పట్టించిన యూదా పారేసిన వెండి నాణేలను యాజకులు రక్తానికి వెల అన్నప్పుడు మత్తయి వాడింది ఆ మాటే. తిమోతి మొదటి పత్రిక ఐదో అధ్యాయం చూడండి. నిజంగా దిక్కులేని విధవరాండ్రను సన్మానించమంటాడు పౌలు, వెంటనే వాళ్ళను ఎవరు పోషించాలో చెప్తాడు. బాగా పాలించే పెద్దలకు రెట్టింపు సన్మానం అంటాడు, ఆ తర్వాతి మాటే కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు, పనివాడు జీతానికి పాత్రుడు అని. సన్మానం అంటే అక్కడ అన్నం. సన్మానం అంటే మందులు, ఇంటి అద్దె. శాలువా అన్న మాట ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

నాన్న ఆసుపత్రిలో పదిహేడు రోజులు ఉన్నారు. కమిటీ నుంచి ఒక్కరొచ్చారు, అదీ గుడి తాళాలు అడగడానికి. చనిపోయిన రోజు మాత్రం వరసగా దండలు. మూడు గంటలు ప్రసంగాలు. మా అమ్మను ఒక్కరు మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. అడిగింది మామ్మ. మా వీధి చివర నుంచి గిన్నెతో గంజి పట్టుకొచ్చి, అమ్మ నోటికి అందించి, మూడు రాత్రులు మా ఇంట్లో నేల మీద పడుకుంది. ఈ రోజు లేపేసింది ఆ మనిషిని.

ఒంగోలు ప్రాంతం వాళ్ళం మనం. మన తాతలు ఈ విశ్వాసంలోకి ఎలా వచ్చారో మర్చిపోయామా? తోలు పని చేసే యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా నడిచి సువార్త చెప్పాడు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను బడి మాన్పిస్తామని పై కులాల వాళ్ళు అంటే, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, ఆయన భార్య ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని ఆయనే రాసుకున్నారు. ఘనులు, గొప్ప వంశం వాళ్ళు అనేకులు పిలువబడలేదన్న కొరింథీ పత్రిక మాటలు అవి. పిల్లలు వెళ్ళిపోయినా మనవాళ్ళను వదల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులను పేరు పెట్టి పిలిచి నీళ్ళలోకి దించారు. ఆ మనుషుల మనవరాలే కదా మామ్మ! మనమూ వాళ్ళ మనవలమే కదా! ఊరివాళ్ళు మన తాతలను ఎక్కడ నిలబెట్టారో అక్కడే, గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, మన చేతులతో మనం ఆవిడను కూర్చోబెట్టాం.

సాయంత్రం మామ్మ ఇంటికి వెళ్ళాను. చాప వేసింది. బాధపడ్డావా మామ్మా అంటే, "పోనీలేవే, వెనకైనా పాటలు బానే వినపడ్డాయి, వాక్యం ఒక్కటే వినపళ్ళేదు, ఏం చెప్పారు అయ్యగారు?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. రోమా పన్నెండు తీసి, చెవి దగ్గర పెట్టి గట్టిగా చదివి వచ్చాను.

ఇది రాస్తూ ఉండగానే కమిటీ నుంచి మెసేజ్ వచ్చింది. మధ్యాహ్నం నేను పెట్టిన స్టేటస్ తీసేయాలట, సంఘం ఘనత పోతుందట. తీయను. ఈ పోస్టు కూడా తీయను. మామ్మ ఇల్లు గుడికి నాలుగిళ్ళ అవతలే. వచ్చే ఆదివారం లోపు కమిటీ అంతా ఆ ఇంటికి వెళ్ళి, చాప మీద కూర్చుని, ఆవిడతో మాట్లాడి రండి. ఆ కుర్చీని ఆ గోడ పక్కనే వేయండి. స్టేటస్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.