మా ఎక్సెల్ జోలికి రావద్దు

హైదరాబాద్ వారసత్వ సంపద ఏమిటని అడిగితే అందరూ చార్మినార్, గోల్కొండ అంటారు. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉన్న ఎక్సెల్ ఫైలు సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. మోటారు ఇన్సూరెన్స్ ప్రీమియం లెక్కకట్టే మా సాఫ్ట్‌వేర్‌లోకి రేట్లన్నీ ఆ ఫైలులోంచే వెళ్తాయి. దాని పేరు ‘టీపీ రేట్స్ ఫైనల్ న్యూ 3 యూజ్ దిస్’. దాన్ని వాడకూడదు. వాడాల్సింది పక్కనే ఉన్న ‘కాపీ ఆఫ్’ ఫైలు. ఈ రహస్యం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకాయన కెనడా వెళ్లిపోయాడు. మిగిలింది నేను.

ఇలాంటి ఫైలును కొత్తగా చేరిన కుర్రాళ్లు పీకేస్తామంటున్నారు. రేట్ల మార్పుకు ఒక పద్ధతి ఉండాలట. ప్రతి రేటు పక్కనా ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాయాలట. కొత్త రేటు వచ్చినా పాతది చెరపకూడదట. మార్చేవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు ఉండాలట. పైగా ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో నమోదు కావాలట. ‘ఎవరు’ అన్న దగ్గరే నాకు అభ్యంతరం. ఇన్నేళ్లుగా మా టీమంతా ఒక కుటుంబంలా కలిసి ఉంటున్నామంటే అది తెలియకపోవడం వల్లే.

మా పద్ధతి గొప్పతనం తెలియాలంటే 2022 మే నెల చూడాలి. బండి నడిపే ప్రతివాడికీ తప్పనిసరైన థర్డ్ పార్టీ ప్రీమియంను, అంటే మన బండివల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేదాన్ని, కేంద్రం నిర్ణయిస్తుంది. మా ఫైలు పేరులోని ‘టీపీ’ అదే. 2019లో పెట్టిన రేట్లను కోవిడ్ వల్ల ఆ తర్వాత రెండేళ్లు ముట్టుకోలేదు. దాంతో మేమూ ఫైలు ముట్టుకోలేదు, పాస్‌వర్డ్ మర్చిపోయాం. మే 25న కొత్త రేట్ల నోటిఫికేషన్ వచ్చింది. జూన్ 1 నుంచి అమలు. మధ్యలో ఉన్నది ఒక్క వారం. అందులో రెండు రోజులు కెనడాలో తెల్లారేదాకా ఎదురుచూడటానికే పోయాయి.

శుక్రవారం రాత్రి మొదలుపెట్టాం. నేను నోటిఫికేషన్ చూసి చదువుతున్నాను, పక్కన తమ్ముడొకడు టైపు చేస్తున్నాడు. ఒక చేత్తో బిర్యానీ ప్యాకెట్, ఒక చేత్తో కీబోర్డు. “వెయ్యి సీసీ లోపు కారు, రెండు వేల తొంభై నాలుగు” అన్నాను. వాడు 2,904 కొట్టాడు. మామూలుగా అయితే ఇలాంటి తప్పు దొరికిపోతుంది. కానీ 2,904 కూడా అదే నోటిఫికేషన్‌లో ఉంది. 30 నుంచి 65 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కారు రేటు అది. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ పెట్రోలు కారు రేటు 3,416లో 15 శాతం తగ్గిస్తే వచ్చేది. సరిచూసిన ప్రతివాడికీ ఆ అంకె ఎక్కడో చూసినట్టే అనిపించింది. ముగ్గురు చూశారు, ముగ్గురూ ఓకే అన్నారు. చిన్న కారు ఓనరు మీద 810 రూపాయలు అదనంగా పడ్డాయి.

మా టెస్టింగ్ విభాగం నిద్రపోయిందని మాత్రం అనుకోకండి. 75 నుంచి 150 సీసీ బైకు రేటు 752 నుంచి 714కి తగ్గింది. నిజంగానే తగ్గింది, నోటిఫికేషన్‌లోనే ఉంది. సోమవారం పొద్దున్నే టెస్టింగ్ అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చింది. “సార్, ప్రీమియం తగ్గుతోంది. ఎక్కడో రివర్స్ అయింది” అంది. అయిదేళ్లుగా ఇన్సూరెన్స్‌లో ఉన్న మనిషి, ఆమె అనుభవం అలాంటిది. క్రిటికల్ అని బగ్ పడింది. సరైన అంకె మంగళవారం రాత్రిదాకా ఆగిపోయింది, తప్పు అంకె ఎప్పుడో పాసైపోయింది.

ఇక పాత రేటు చెరపకూడదన్న వాదన. చెరిపితే ఏమైందో చెప్తాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో పాలసీ తీసుకున్న పెద్దాయన ఒకరు ఆగస్టులో దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లికి ఇల్లు మారారు. అడ్రస్ మార్చమన్నారు. పాలసీ మొదలైన రోజు రేటు 3,221. అది మా ఫైలులో ఇప్పుడు లేదు, దాని మీదే 3,416 రాసేశాం. సిస్టమ్ మొత్తం మళ్లీ లెక్కకట్టి తేడా 195, జీఎస్టీతో కలిపి 230 రూపాయల 10 పైసలు కట్టమంది. “ఇల్లు మారితే కారు రేటు పెరుగుతుందా బాబూ?” అని ఆయన కాల్‌సెంటర్‌కి ఫోన్ చేశారు. అక్కడి కుర్రాడు తడుముకోలేదు. “కూకట్‌పల్లిలో ట్రాఫిక్ ఎక్కువ కదండీ” అన్నాడు. పెద్దాయన ఒప్పుకుని కట్టేశారు. తేదీల కాలమ్ ఉంటే ఇంత చక్కటి సంభాషణ జరిగేదా?

పక్క బేలోని హెల్త్ టీమువాళ్లు మాకంటే ఆధునికులు. వాళ్లు జీఎస్టీని పట్టికలోనే పెట్టలేదు, 18 అని నేరుగా ప్రోగ్రాములో రాసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ సున్నా అయింది. ముందురోజు సాయంత్రం, ఇళ్ల దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే, వీళ్లు 18 ఉన్నచోటల్లా సున్నా పెట్టారు. గ్రూపు పాలసీలకు 18 శాతం అలాగే ఉందన్న సంగతి పక్కన పెట్టండి. పాలసీ తీసుకునేవారి కనీస వయసు కూడా 18 ఏళ్లే కదా. అదీ సున్నా అయింది. ఆ రాత్రి నీలోఫర్ ఆసుపత్రిలో పుట్టిన పసిబిడ్డ కూడా సంతకం పెట్టగలిగితే ఇంటిల్లిపాదికీ కలిపి ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ తీసుకోవచ్చు.

మాకు అలాంటి అవమానం జరగలేదు. మా సమస్య నంబర్ ప్లేట్లు. మన బండికే జరిగే నష్టానికి ప్రీమియం లెక్కకట్టేటప్పుడు పాత టారిఫ్‌లో, అంటే అన్ని కంపెనీలకూ ఒకే రేట్లు పెట్టిన పట్టికలో, హైదరాబాద్ జోన్ ఏ, వరంగల్ జోన్ బీ. ఆ టారిఫ్ 2007లో ఎత్తేసినా మా ఫైలుకు ఇప్పటికీ అదే పునాది. బండి ఏ జోనో ఆర్టీఓ కోడ్ చూసి తెలుసుకుంటాం. ఖైరతాబాద్ ఒకప్పుడు ఏపీ 09, తర్వాత టీఎస్ 09, 2024 మార్చి 15 నుంచి టీజీ 09. ఆఫీసు అక్కడే ఉంది, ఏజెంట్లు అక్కడే ఉన్నారు, మా పట్టికలో మాత్రం ఒక వరుస చేర్చాలి. చేర్చలేదు. వరుస దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తాను జోన్ బీ అనుకుంటుంది. అంటే ట్యాంక్‌బండ్ పక్కన తిరిగే కొత్త కారు మా లెక్కలో జిల్లా కారు. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కారుకు జోన్ ఏలో కారు విలువలో 3.283 శాతం, బీలో 3.191. కారు విలువ 6 లక్షలైతే డిస్కౌంట్లకు ముందు 552 రూపాయల తేడా.

నిన్న కుర్రాళ్లు ఇది పట్టేశారు. “అన్నా, టీజీ వరుసలు చేరుస్తున్నాం. ఏ తేదీ నుంచి అమల్లోకి రావాలో నువ్వే చెప్పాలి” అన్నారు.

నాది కూడా టీజీ 09 కారే. రెన్యువల్ పదిహేనో తారీఖు.

పదహారు నుంచి పెట్టమన్నాను.