కంప్యూటర్లు పెంచితే చాలదండీ

జీనోమ్‌లను, అంటే జీవుల మొత్తం డీఎన్ఏను, కంప్యూటర్లతో పోల్చడం గురించిన మీ వ్యాసంలో ‘ఎన్ని కంప్యూటర్లు కలిపితే అంత వేగం’ అని రాశారు. అది సగమే నిజం. ఈ.కోలై అనే బ్యాక్టీరియా జీనోమ్ ఒక్కటీ చూస్తే సుమారు 46 లక్షల అక్షరాలే, ఫైలు ఐదు ఎంబీ కూడా ఉండదు. అసలు చిక్కు జతల దగ్గరే. 1,000 జీనోమ్‌లను ఒకదానితో ఒకటి పోల్చాలంటే 4,99,500 పోలికలు. అదే 10,000 అయితే దాదాపు 5 కోట్లు! జీనోమ్‌లు పది రెట్లు పెరిగితే పని వంద రెట్లు పెరుగుతుంది.

మద్దిలపాలెంలో మా కాలేజీ ల్యాబ్‌లో 20 మామూలు పీసీలు కలిపి రాత్రంతా నడిపేవాళ్లం. తెల్లారేసరికి 19 పీసీలు ఖాళీ. పెద్ద జీనోమ్‌లన్నీ వాటాకొచ్చిన ఆ మూల పీసీ మాత్రం మధ్యాహ్నం దాకా గుర్రుమంటూనే ఉండేది, మేమంతా దాని ముఖం చూస్తూ కూర్చునేవాళ్లం. (మధ్యలో కరెంటు పోతే ఆ టెన్షన్ వేరే.) పనిని చిన్న ముక్కలు చేసి, ఖాళీ అయిన పీసీకి తర్వాతి ముక్క అందేలా మార్చాకే దారికొచ్చింది.

2016లో వచ్చిన మాష్ అనే సాఫ్ట్‌వేర్ గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదేం? అది జీనోమ్ మొత్తాన్ని కాకుండా, దాన్నుంచి తీసిన వెయ్యి సంఖ్యల గుర్తును మాత్రమే పోలుస్తుంది. లెక్క ఉజ్జాయింపుదే, కానీ దగ్గరి బంధువులెవరో తేల్చడానికి అది చాలు. మా రాత్రి పని కాస్తా టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.