సవరణ: సేఫ్టీ రేజరు పట్టవలసిన తీరు

గడ్డం గీసుకోవడానికి కొత్తగా సేఫ్టీ రేజరు (విడి బ్లేడు బిగించే రేజరు) పట్టేవారు దానిని చెంపకు గట్టిగా అదిమి గీయాలని నేను మొన్న రాసిన మాట తప్పు. దానిని నమ్మిన మా ఒంగోలు మేనల్లుడు దవడ కింద రెండుచోట్ల కోసుకున్నాడు, అందుకు నేనే బాధ్యుణ్ని. రేజరు తలను చెంపకు ఆనించి, పిడిని ముఖానికి లంబంగా ఉంచి, బ్లేడు అంచు చర్మాన్ని తాకేవరకు పిడిని మెల్లగా కిందికి వంచితే బ్లేడుకు, చర్మానికి మధ్య సుమారు 30 డిగ్రీల కోణం వస్తుంది. ఆపైన రేజరు బరువే చాలు, చేతి బలం అక్కర్లేదు. మొదటి వారాల్లో వెంట్రుక మొలిచిన దిశలోనే, చిన్న చిన్న గీతలుగా గీయాలి.

గడ్డం గీసుకోవడానికి ఏ నీళ్లైనా ఫరవాలేదని నేను రాసినదీ సరికాదు. కనిగిరి వైపు బోరు నీళ్లలాంటి కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల సబ్బు నురగ కట్టక తెట్టు కడుతుంది. అక్కడివారు తాగే క్యాను నీళ్లు ఒక చెంబెడు వాడుకోవాలి.