రేస్ కండిషన్ గారికి, దర్శనభాగ్యం కోరుతూ

మహారాజశ్రీ రేస్ కండిషన్ గారి సముఖానికి,

రెండు పనుల్లో ఏది ముందు జరుగుతుందన్న పోటీలో వరుస తప్పితే పుట్టే బగ్గు తమరు. ఈ లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వెర్షన్‌తో మీ పీడ విరగడైందని పెద్దలు హామీ ఇచ్చి వారం తిరగలేదు, ఇవాళ మధ్యాహ్నం మళ్లీ దయచేశారు. ఒక టాస్క్ 120 సెకన్లకు మించి కదలడం లేదని లాగ్‌లో ఒక్క ముక్క పడేసి, యంత్రాన్ని కొయ్యబారేలా చేసి వెళ్లారు.

సంతోషం. దర్శనమిస్తారేమోనని అనుమానమున్న చోట ఒక్క ప్రింట్‌కే, అంటే లాగ్‌లో మాట రాయించే వరుస, పెట్టాను. తమరు మాయం! లోడ్ ఎంత పెంచినా జాడ లేదు. ఆ వరుస తీసేశాను, ప్రత్యక్షం. పెడితే పరారు, తీస్తే హాజరు. పూటంతా ఇదే సరిపోయింది.

తమరి కాపురం ఎక్కడో తెలియదనుకోకండి. నిద్రపోబోయే థ్రెడ్ (విడిగా నడిచే కోడ్ పాయ) పని వచ్చిందా అని జెండా (మెమరీలో ఒక గుర్తు) చూస్తుంది. రాలేదు, పడుకుందామనుకుంటుంది. చూడటానికీ పడుకోవడానికీ మధ్య నానోసెకన్ల సందు. సరిగ్గా అప్పుడే రెండో ప్రాసెసర్ మీది థ్రెడ్ జెండా ఎగరేసి, లేవమని పిలుస్తుంది. ఎవరిని? ఇంకా పడుకోనివాడిని! పిలుపు గాలికి పోతుంది, వీడు తీరిగ్గా పడుకుంటాడు, ఇక లేపే దిక్కుండదు. ప్రింట్‌కే పెడితే ఆ ఆలస్యానికి ఇద్దరూ అక్కడ ఎదురుపడరు. అదీ తమరి మహిమ.

కెర్నెల్‌లో తప్పులు పట్టే లాక్‌డెప్ తాళాల (లాక్‌ల) వరుస చూస్తుంది. ఇక్కడ తాళమే లేదు, తమరు దానికి చిక్కరు. ‘అక్కడ చిన్న డిలే పెట్టు, పోతుంది’ అన్న సలహాదారుకు వేరే ఉత్తరం రాస్తాను. మీ వంశం మాత్రం దొడ్డది. మీ జాతిదే అయిన డర్టీ కౌ అనే భద్రతా లోపం 2007లో లినక్స్‌లో చేరి 2016 దాకా దర్జాగా బతికింది.

విరుగుడు చూస్తే నవ్వొస్తుంది. నిద్రపోతున్నానని ముందు ప్రకటించి, ఆ తర్వాత జెండా చూడాలి. నడుమ మెమరీ బ్యారియర్ (ముందు రాసింది అందరికీ కనబడ్డాకే తర్వాతది చదవమనే ఆజ్ఞ) ఉండాలి. లేకపోతే ఆ ప్రకటన ఇంకా స్టోర్ బఫర్‌లో (ప్రాసెసర్ రాతలు మెమరీకి చేరేముందు ఆగే చోట) ఉండగానే జెండా చదవడం అయిపోతుంది, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్ల మీద కూడా. రెండు వరుసలు అటూ ఇటూ మారాయి, అంతే. ఎందుకు మార్చానో రాయడానికి మాత్రం పేజీ పట్టింది.

ప్యాచ్ వేసి పరీక్ష నడుపుతున్నాను. ఇంతవరకు నువ్వు రాలేదు. రాకపోతే ఏమిటట? ప్రింట్‌కే ఉన్నప్పుడూ రాలేదు కదరా దొంగా!

ఇట్లు,
లాగ్ ముందు కాపలా కూర్చున్నవాడు