కూరగాయల అజ్ఞాతవాసం

పాండవులకు అజ్ఞాతవాసం ఒక్క ఏడాదే. మా ఇంట్లో క్యారెట్‌కు ఇది మూడో ఏడు. ఉప్మాలో రవ్వ చాటున, దోసె పిండిలో, చపాతీ పొరల్లో తలదాచుకుంటూ బతుకీడుస్తోంది. బీట్‌రూట్ గతి మరీ ఘోరం. ముట్టుకున్న చేతినీ గిన్నెనూ ఎర్రగా చేసి పోయేదానికి మారువేషమేమిటి? అయినా వదల్లేదు, 'గులాబీ దోసె' అని దొంగపేరు పెట్టి పళ్ళెంలోకి తోస్తున్నాం. పాలకూర పూరీలో ఉంది. మెంతికూర ఎక్కడుందో పెట్టినవాళ్ళకే గుర్తులేదు. పిల్లలున్న ప్రతి వంటింట్లోనూ ఒక విరాటుడి కొలువు నడుస్తోంది. ఆ కొలువులో భీముడు వంటవాడు. మా కొలువులో ఆ ఉద్యోగం నాది, ఎందుకంటే మా ఆవిడ ఉదయం ఏడింటికే ఆఫీసు బస్సెక్కుతుంది. కాబట్టి కూరగాయల ఆత్మగౌరవం గురించి మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉంది.

అజ్ఞాతవాసానికి ఒక షరతుంది. మధ్యలో బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవికి. మా పాపకు ఆరేళ్ళు. ఒక ఆదివారం దోసె తుంచి, కిటికీ వెలుగుకు పట్టి చూసి, నెమ్మదిగా అడిగింది: "నాన్నా, ఇందులో ఎవరున్నారు?"

ఏముంది అని కాదు. ఎవరున్నారు అని.

"ఎవరూ లేరమ్మా" అన్నాను. ఒట్టు కూడా వేశాను. సరిగ్గా అప్పుడే ఆమె గోటికి నారింజరంగు తురుము ఒకటి తగిలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇడ్లీని కూడా రెండుగా విప్పి సోదా చేస్తేగానీ నోట్లోకి పోనివ్వరు. పుట్టిన దగ్గర్నుంచి తెల్లగా, ఏ పాపమూ ఎరగకుండా బతికిన ఇడ్లీ! క్యారెట్‌ను దాచి మేం కడుపులోకి పంపింది రెండు చెంచాల తురుము. పోగొట్టుకున్నది మూడు టిఫిన్ల పరువు.

అందుకని మారువేషాలు విప్పేయాలని నిర్ణయించాను. బెండకాయ బెండకాయలాగే పళ్ళెంలోకి రావాలి. కాస్త ముస్తాబై వస్తే తప్పులేదు. ముస్తాబు వేరు, వేషం వేరు.

విచారణ మొదలుపెడితే తేలిందేమిటంటే, పాపకు బెండకాయ మీద పగ లేదు, జిగురు మీదే. ఆ జిగురు కూడా వండేవాడి పాపమే. కడిగిన తడి ఆరకముందే కోయడం, మూకుడు మీద మూత పెట్టడం, మొదట్లోనే ఉప్పు చల్లడం, ఈ మూడు నేరాలూ నేను ఏళ్ళ తరబడి చేశాను. ఇప్పుడు రాత్రే కడిగి, పాత లుంగీ గుడ్డతో ఒక్కోదాన్నీ పసిబిడ్డను తుడిచినట్టు తుడిచి ఆరబెడుతున్నాను. పొద్దున సన్నటి చక్రాలుగా తరిగి, వెడల్పాటి మూకుట్లో, మూత ఊసెత్తకుండా, గరిటెతో అస్తమానం కెలక్కుండా వేయిస్తాను. ఒక చెంచా పెరుగు వేస్తే మిగిలిన జిగురు కూడా విరుగుతుంది. ఉప్పు చివర్న. దించే ముందు పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, రెండు వెల్లుల్లి రెబ్బలు కలిపి కొట్టిన పొడి, పెద్దవాళ్ళకు వేసే కారంలో సగం. మొదటి రోజు పాప పదకొండు చక్రాలు తిన్నది. పన్నెండోది తినలేదు. నేను లెక్కపెడుతున్న సంగతి చూసేసింది.

దొండకాయను సన్నగా నిలువునా చీల్చి వేయించి, చివర్లో చెంచాడు బియ్యప్పిండి చల్లితే కరకరలాడుతుంది. కరకరలాడేదాన్ని పిల్లలు కూర కింద జమకట్టరు. ఇది మోసం కాదా అని అడగొద్దు. దొండకాయ దొండకాయగానే ఉంది.

ఈ లోకంలో ఏ ముస్తాబూ అక్కర్లేనిది ఒక్క ఆలుగడ్డే. ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో పుట్టి, ఓడలెక్కి వచ్చి, మా ఆవిడ గోదావరి వైపు బంగాళదుంపగా, మా వరంగల్ వైపు ఆలుగడ్డగా తలెత్తుకు తిరుగుతోంది. మన గడ్డ మీది వంకాయేమో మనింట్లోనే ముఖం చాటేయాలి. దీని మీద ఏ పార్టీ ఇంతవరకు బంద్‌కు పిలుపునివ్వలేదు.

మా ఆవిడ పుట్టింటివాళ్ళ 'పాలు పోసిన కూర' కూడా ప్రయోగించాను. పొట్లకాయ ముక్కలు ఉడికి నీళ్ళు ఇగిరాక, మంట బాగా తగ్గించి కాచిన పాలు పోయడమే. పోపులో ఎండుమిర్చి వాసన తప్ప కారం ఉండదు, కమ్మగా ఉంటుంది. పాప వాసన చూసి పక్కకు నెట్టింది. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే పదిసార్లో అంతకన్నా ఎక్కువో ముందు పెట్టాల్సి రావచ్చని పరిశోధకులు అంటారు. మంచిదే. ఆ తొమ్మిది సార్ల కూర ఎవరు తినాలో మాత్రం వాళ్ళెక్కడా రాయలేదు. నేను రాస్తున్నాను: నాన్న.

క్యాబేజీ విషయంలో మాత్రం నేను పిల్లల పక్షం. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి చేతిలోంచి ఒక పొడి గాల్లోకి లేచింది. పక్కనున్నాయన చేదు చేదు అని గోలపెట్టాడు. ఫాక్స్ నాలుకకు ఏమీ తెలియలేదు. ఆ చేదు తెలిసే నాలుక వంశపారంపర్యంగా వస్తుందని తర్వాత తేలింది. క్యాబేజీ జాతిలో ఆ పొడికి చుట్టాలయ్యే పదార్థాలున్నాయి. అంటే "చేదుగా ఉంది" అన్న పిల్ల అబద్ధమాడ్డం లేదు, తాతముత్తాతల తరఫున సాక్ష్యం చెబుతోంది. పైగా క్యాబేజీని ఎంత ఎక్కువసేపు ఉడికిస్తే అంత కంపు. నానిన పెసరపప్పు, కొబ్బరి వేసి గబగబా దించేయడమే దానికి చేయగలిగిన మర్యాద.

పెద్దవాళ్ళు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఈ అంకె ఇంట్లో చదివి వినిపించడం నా పొరపాటు. "మరి నాన్న బీరకాయ పక్కన పెడతాడుగా" అంది పాప. ఆవకాయ కూరగాయ కిందికి వస్తుందన్న నా వాదన నిలవలేదు.

నిజమే, నాకూ ఇష్టాయిష్టాలున్నాయి. ఉదాహరణకు సొరకాయ. బుద్ధెరిగాక ఒక్క ముక్క ముట్టలేదు. కానీ తినను అని అందరి ముందూ చెప్పి తినను. ఎవరూ నన్ను మోసం చేయలేదు, నేనూ ఎవర్నీ చేయలేదు. నిజాయితీ అంటే అదీ.

ఇంతవరకు రాసి, హన్మకొండలో ఉన్న మా అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. సొరకాయ దగ్గరికి రాగానే ఆపమంది.

"ముట్టలేదా? బడి నుంచి రాంగనే సర్వపిండి సర్వపిండి అని నా కొంగు పట్టుకొని తిరుగుతుంటివి గద బిడ్డా. అండ్ల తురిమింది ఏందనుకున్నవ్?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"మీ నాయినకు సుత తెల్వది," అంది. "నువ్వు చెప్పకు."