దెయ్యాల బొమ్మల సినిమాలు పిల్లల ఊహను చంపుతాయా? ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

రెండు నెలలుగా విశాఖపట్నంలోని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అది ఎక్కడ పుట్టిందో తెలియదు గాని, నాకు మూడు గ్రూపుల నుంచి, మూడుసార్లూ “తప్పక చదివి పదిమందికీ పంపండి” అన్న తోకతో సహా వచ్చింది. దాని సారాంశం ఇది. కొందరు మాస్టార్లు పిల్లలకు దెయ్యాల కార్టూన్లు చూపించి కథలు రాయిస్తున్నారు. దానివల్ల పుట్టిన భయం జీవితాంతం పోదని విదేశీ అధ్యయనాలు రుజువు చేశాయి. పిల్లలు చూసినదాన్నే దించుతారు తప్ప సొంతంగా ఊహించరు. ఇది మన సంస్కృతి కాదు. మాటలే లేని సినిమాల వల్ల తెలుగు రాదు. ఫోనుకు అతుక్కుపోయిన పిల్లలకు ఇది ఇంకో తెర. కాబట్టి నీతికథలే రాయించాలి.

ఆ కొందరు మాస్టార్లలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగ విరమణ తరవాత, ఎం.వి.పి. కాలనీలో మా అపార్ట్‌మెంటు కింది గదిలో, పెదవాల్తేరు, పెదజాలరిపేట, ఆరిలోవల నుంచి వచ్చే ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలచేత శనివారం సాయంత్రాలు తెలుగులో కథలు రాయిస్తున్నాను. అందులో ఏడాదికి నాలుగైదు వారాలు పొట్టి యానిమేషన్ సినిమాలతో, అందునా కాస్త గగుర్పాటు కలిగించేవాటితో గడుస్తాయి. సందేశంలోని అంశాలను ఒక్కొక్కటిగా తీసుకుంటాను. ఊహ గురించి చెప్పినదాన్ని మాత్రం చివరికి అట్టేపెడతాను. అసలు తగాదా అక్కడే ఉంది.

ముందు భయం సంగతి. అధ్యయనాలు అన్నారే గాని అవి ఎవరు చేశారో, ఏ వయసు పిల్లల మీద చేశారో సందేశంలో లేదు. అయినా ఈ ఒక్క అంశంలో కొంత నిజం ఉన్నదని ఒప్పుకోవాలి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోన్ క్యాంటర్, సినిమాలూ టీవీ కలిగించే భయాల మీద ఏళ్ళ తరబడి పరిశోధించారు. చిన్నప్పుడు చూసిన దృశ్యం తాలూకు భయం కొందరిని పెద్దయ్యాక కూడా వదలదని ఆమె చెప్పిన మాట వాస్తవమే. కాని అదే పరిశోధనలో రెండో సగం ఉంది, సందేశం రాసినవారు దాన్ని వదిలేశారు. బడి ఈడు రాని పిల్లలను ఎక్కువగా బెదరగొట్టేది వికృతమైన రూపం. పదేళ్ళు దాటినవారిని బెదరగొట్టేది నిజంగా జరగడానికి వీలున్న ప్రమాదం. “అది ఉత్తిదేనమ్మా” అన్న మాట పన్నెండేళ్ళ పిల్లకు ఊరటనిస్తుంది, నాలుగేళ్ళ పిల్లకు ఇవ్వదు. అంటే అడగవలసిన ప్రశ్న చూపించాలా వద్దా అన్నది కాదు, ఎవరికి, ఎప్పుడు, ఏది అన్నది.

ఈ విషయం నేను చదివి తెలుసుకోలేదు, తప్పు చేసి తెలుసుకున్నాను. మొదటి ఏడాది ఒకమ్మాయి తన అయిదేళ్ళ చెల్లెల్ని వెంటబెట్టుకుని వస్తే, పసిపిల్ల కదా, దానికేం అర్థమవుతుందిలే అని ఒక మూల కూర్చోబెట్టాను. ఆ రాత్రి పదకొండు గంటలకు వాళ్ళమ్మగారు ఫోన్ చేసి, పిల్ల దీపం ఆర్పనివ్వడం లేదనీ, గోడవైపు తిరిగి పడుకోనంటున్నదనీ చెప్పారు. ఆవిడ కోప్పడలేదు, కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. అప్పటినుంచి ఆరో తరగతికి తక్కువ పిల్లలను ఆ వారాల్లో గదిలోకి రానివ్వను. దీపాలు ఆర్పను, తలుపు మూయను, సినిమాను నేను రెండుసార్లు చూడనిదే పిల్లలకు చూపను, ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయిన పిల్లలుంటే ఆ వారం వేరే పాఠం చెబుతాను. బొమ్మల సినిమా అయినంత మాత్రాన పిల్లల సినిమా అయిపోదు. అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో కథ ఆధారంగా 1953లో వచ్చిన ‘ద టెల్-టేల్ హార్ట్’ అనే యానిమేషన్‌కు బ్రిటన్ సెన్సారువారు పెద్దలకు మాత్రమే అన్న ‘ఎక్స్’ ధ్రువపత్రం ఇచ్చారు. మన దేశంలో 2023లో చట్టాన్ని సవరించి యు/ఎ ధ్రువపత్రాన్ని 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు గాని, ఇంటర్నెట్‌లో దొరికే ఆరు నిమిషాల సినిమాకు అటువంటి ముద్ర ఏదీ ఉండదు కనుక ఆ తూకం వేసే బాధ్యత చూపించేవాడిదే. సందేశం ఇంతవరకే చెప్పి ఉంటే నేనే పదిమందికీ పంపేవాణ్ణి.

రెండోది, ఇది మన సంస్కృతి కాదట. ఈ మాట అన్నవారు చందమామ చదవకుండా పెద్దవారయ్యారంటే నమ్మలేను. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన ఆ పత్రికలో బేతాళ కథల కోసం ఇంట్లో పెద్దలూ పిల్లలూ పోట్లాడుకునేవారు. అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు, శవంలోంచి మాట్లాడే బేతాళుడు: ఇంతకన్న గగుర్పాటు కలిగించే ఎత్తుగడ ఏ విదేశీ కార్టూన్‌లో ఉందో చూపించమనండి. (అదే ఇద్దరూ 1951లో ‘పాతాళభైరవి’ నిర్మించి, మాంత్రికుణ్ణి కూడా ఇంటిల్లిపాదికీ చుట్టాన్ని చేశారు.) ఈ బేతాళుడు నిన్నమొన్నటివాడు కూడా కాదు, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాడు. అయితే వయసు కన్న ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు, సరిగ్గా చిక్కుముడి బిగిసినచోట ఆపి ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. వినేవాడిచేత నోరు విప్పించడమే ఆ కథ పని. సినిమాను మధ్యలో ఆపి, పిల్లల చేతికి కలమిచ్చి, “ఇప్పుడు చెప్పండి” అన్నప్పుడు నేను చేస్తున్నదీ అదే, తల పగలడం ఒక్కటే తక్కువ.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళతాను. 1990లలో మన ఊళ్ళలో ఇళ్ళ తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అన్న రాతలు చూసినవారికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. రోజూ వచ్చి, తలుపు మీది రాత చదివి, సరేనని వెనక్కి పోయి, మర్నాడు మళ్ళీ వచ్చి అదే చదివే దెయ్యాన్ని ఏ సినిమా సహాయమూ లేకుండా కల్పించుకున్న జాతి మనది. చదువొచ్చిన, మాట మీద నిలబడే దెయ్యం! నా క్లాసులో ఆ సంగతి చెప్పిన రోజున పిల్లలు భయపడలేదు, పావుగంట సేపు నవ్వారు.

మూడోది భాష. మాటలు లేని సినిమా చూస్తే తెలుగు ఎలా వస్తుందని సందేశం అడుగుతోంది. ఆ సినిమాలను ఎంచుకునేదే మాటలు లేవని. ఇంగ్లీషులోనో హిందీలోనో సంభాషణలుంటే పిల్లలు వాటినే తెలుగు లిపిలోకి ఎక్కిస్తారు. మాటలు లేనప్పుడు తెర మీద జరిగే ప్రతి పనికీ మాట వెతుక్కోవలసిన అవసరం వాళ్ళ మీద పడుతుంది. మొదటి వారం అందరి పుస్తకాల్లోనూ ఒకే వాక్యం ఉంటుంది: “చాలా చాలా భయం వేసింది.” రెండో వారం నుంచి నేను భయం, దెయ్యం అన్న రెండు మాటలనూ నిషేధిస్తాను. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. గుబులుకూ జంకుకూ తేడా ఏమిటి, బెరుకు ఎప్పుడు దడగా మారుతుంది, హడలిపోయినవాడు పరిగెత్తుతాడా లేక కొయ్యబారిపోతాడా అని పిల్లలు వాదించుకుంటారు. ఒకసారి తెరను వెనక్కి తిప్పేసి ధ్వని మాత్రమే వినిపించాను. తలుపు తెరుచుకున్న చప్పుడుకు ఒకడు కిర్రు అన్నాడు, ఇంకొకడు కీచు అన్నాడు. మూడోవాడు వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో తలుపు “మూలిగింది” అంటారన్నాడు. ఆ రోజు మిగతా ఇద్దరూ తమ మాట కొట్టేసి మూలుగునే రాసుకున్నారు. ధ్వనిని మాటగా మార్చుకోవడంలో తెలుగుకు ఎంతో ఒడుపు ఉంది, టకటకలూ చిటపటలూ మనకు లెక్కలేనన్ని. పిల్లలకు లేనిదల్లా వాటిని కాగితం మీదికి తెచ్చే సందర్భం.

తెర గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సినిమా ఆరు నిమిషాలు, రాత నలభై నిమిషాలు. సినిమా లేని వారాల్లో పిల్లలు ఇంటి దగ్గర చూసే రీల్స్ లెక్క నన్ను అడగవద్దు.

నీతికథల విషయంలో నాకు పేచీ లేదు, ఒక్క అనుభవం తప్ప. నీతికథ రాయమంటే పిల్లలు నీతిని ముందు రాసుకుంటారు. “కష్టపడితే ఫలితం దక్కును” అని పేజీ అడుగున రాసి, దాని మీద ఖాళీని కష్టపడిన రాముతోనూ, కష్టపడని సోముతోనూ నింపుతారు. మన తెలుగు వాచకాల్లో వ్యక్తీకరణ, సృజనాత్మకత అన్న శీర్షిక కింద కథను పొడిగించమనే అభ్యాసాలు ఉన్నాయి, వాటికి కూడా చాలామంది గైడులోని జవాబే దించుతారు. జవాబు ముందే తెలిసిన కథలో పిల్లవాడికి ఊహించవలసిన పని లేదు.

ఇక అసలు ఆరోపణ: చూసినదాన్నే దించుతారు, ఊహ చచ్చిపోతుంది. సినిమా మొత్తం చూపించి “ఇప్పుడు దీన్ని కథగా రాయండి” అంటే అక్షరాలా అదే జరుగుతుంది, సందేహం లేదు. అప్పుడు వచ్చేది కథ కాదు, సినిమా సారాంశం. అందుకే ముందే మొత్తం చూపించను.

నేను తరచు వాడే సినిమా ‘అల్మా’. స్పెయిన్‌కు చెందిన రోడ్రిగో బ్లాస్ 2009లో తీసిన ఈ పొట్టి చిత్రంలో మంచు కురుస్తున్న వీధిలో ఒక చిన్నపిల్ల గోడనిండా ఎవరెవరివో పేర్లు చూసి, సుద్దముక్కతో తన పేరు కూడా రాస్తుంది. వెనక్కి తిరిగేసరికి ఎదుటి దుకాణపు అద్దంలో అచ్చం తనలాంటి బొమ్మ ఒకటి కనిపిస్తుంది. నేను మొదటిసారి ఆపేది అక్కడ. మంచు గురించి రాయకూడదని చెబుతాను, మా పిల్లలెవరూ మంచు చూడలేదు. మీ వీధి, మీరు ఒక్కరే ఉన్నప్పుడు, కరెంటు పోయినప్పుడు, ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, అంతే రాయండి అంటాను. పావుగంట తరవాత ఇంకో నిమిషం చూపించి, ఆ పిల్ల దుకాణం తలుపు దగ్గరికి వెళ్ళాక మళ్ళీ ఆపుతాను. ముగింపు చూపించేది అందరి కథలూ పూర్తయి, చదివి వినిపించుకున్నాకే. అప్పటికి చాలామందికి సినిమా ముగింపు కన్న పక్కవాడి ముగింపే బాగుందనిపిస్తుంది, ఆ మాట నాతో అంటారు కూడా.

దించుతారన్న మాటకు జవాబుగా ఇద్దరి కథలు చెబుతాను. ఆరిలోవ నుంచి వచ్చే ఏడో తరగతి అబ్బాయి, సినిమా ఆపగానే చెయ్యెత్తి, “మాస్టారూ, బొమ్మ అంటే దిష్టిబొమ్మ పెట్టొచ్చా?” అని అడిగాడు. వాళ్ళ ఇంటి ఎదుట అయిదంతస్తుల భవనం కడుతున్నారు. మూడో అంతస్తు సెంట్రింగు కర్రలకు గడ్డి కుక్కిన పాత చొక్కా, కుండ తలకాయ, సున్నంతో గుండ్రంగా దిద్దిన కళ్ళతో ఒక దిష్టిబొమ్మను వేలాడదీశారట. వాడి కథలో ఆ బొమ్మ కదలదు, మాట్లాడదు, ఎవరినీ ఏమీ చెయ్యదు. స్లాబు వేసిన ప్రతిసారీ కూలీలు దాన్ని ఒక అంతస్తు పైకి జరుపుతారు, అంతే. నాలుగో అంతస్తుకు ఎక్కిన రోజు మాత్రం దాని చొక్కా మారి ఉంటుంది. ఆ చొక్కా కథ చెబుతున్న కుర్రవాడిదే, ఆ ముందురోజు దండెం మీంచి పోయినది. ఇందులో స్పెయిన్ ఎక్కడుంది, మంచు ఎక్కడుంది, దుకాణం ఎక్కడుంది? సినిమా నుంచి వాడు తీసుకున్నది ఒకే ఒక్కటి: తనలాంటిది తనను చూస్తూ ఉండడం. ఆ ఒక్కటీ కూడా ఏ ఒక్క సినిమా సొత్తూ కాదు.

రెండో కథ పెదజాలరిపేట అమ్మాయిది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం ఉంటుంది కాబట్టి, ఆ రెండు నెలలూ అక్కడి పిల్లల ఆటస్థలం ఒడ్డున బోర్లించిన పడవల మధ్యనే. దాగుడుమూతల్లో ఒక పిల్ల వాళ్ళ నాన్న పడవకు చెవి ఆనిస్తే లోపలినుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు. తమ్ముడనుకుని పిలుస్తుంది. తమ్ముడు వెనకనుంచి పలుకుతాడు. ఆ పిల్ల ఎవరికీ చెప్పదు, రోజూ వచ్చి తనూ మూడుసార్లు తడుతుంది, లోపలివారూ తడతారు. పేజీన్నర కథలో భయం అన్న మాట ఒక్కచోటైనా లేదు, తట్టిన చప్పుడు ఒకరోజు రెండుసార్లే వినబడినప్పుడు ఆ పిల్ల పడవ పక్కన ఇసుక తవ్వడం మొదలుపెడుతుందన్న వాక్యంతో కథ ఆగిపోయింది.

చదివి పుస్తకం తిరిగి ఇస్తూ, లోపల ఉన్నది ఎవరని అడిగాను. ఆమె నావైపు కాస్త జాలిగా చూసింది. “వేట మొదలయ్యే రోజు పడవ తిరగేస్తారు కదా మాస్టారూ,” అన్నది. “అప్పటిదాకా ఆగాలి.”