మీరు 74 అన్నచోట నేను 21 అన్నాను

ఇషిహారా పుస్తకం గారికి,
బెంగళూరు మారతహళ్ళి పీజీ మూడో అంతస్తు నుంచి మదనపల్లె కుర్రాడు రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. 1917 నుంచి చెక్కుచెదరకుండా ఉన్నారు. జపాన్ సైన్యంలో చేరేవాళ్ళ కళ్ళకు రంగుల తేడా తెలుస్తోందో లేదో పరీక్షించడానికి, రంగురంగుల చుక్కల్లో అంకెలు దాచి డాక్టర్ షినోబు ఇషిహారా మిమ్మల్ని తయారుచేశారట. అంటే పుట్టుకతోనే మిలిటరీవారు. మీకు రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, చొక్కా విప్పి దగ్గమనేవాడూ లేడు.

నన్ను దగ్గమన్నారు. ఎందుకు దగ్గమంటారో వెళ్ళొచ్చినవాళ్ళకు తెలుసు, మిగతావాళ్ళకు చెప్పను.

ఈ ఊళ్ళోనే, సైన్యానికి ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్సెస్బీలో అయిదు రోజులు ఛాతీ మీద నంబరు కట్టుకుని, తాళ్ళెక్కి, గోడలు దూకి రికమెండ్ అయ్యాను. ఫోన్లో సంగతి వినగానే అమ్మ వీధంతా మైసూర్‌పాక్ పంచేసింది. మెడికల్ ఇంకా ఉందే అంటే, "నీకేం రోగమురా, రాయిలా ఉన్నావు" అంది.

రాయినే. చెవిలో గులిమి లేదు, ముక్కు దూలం తిన్నగా ఉంది, తడి కాలితో నేల మీద నిలబడితే పాదం మధ్యలో వంపు చక్కగా పడింది. అప్పుడు డాక్టరుగారు సొరుగులోంచి మిమ్మల్ని తీశారు.

మొదటి పుటలో 12. అది గోడకు కూడా కనబడుతుంది. రెండో పుటలో 3 అన్నాను. తర్వాత 70 అన్నాను. అసలు అంకెలు 8, 29 అని తర్వాత తెలిసింది. 74 ఉన్నచోట 21 అన్నాను. "ఇంకోసారి చూడు బాబూ" అన్నారాయన, మా లెక్కల మాస్టారి గొంతుతో. చూశాను. 21 ఇంకా అక్కడే ఉంది.

నా వెనక కుర్రాడు మీ పుటలన్నీ ఫోన్లో పెట్టుకుని వరసగా బట్టీ కొట్టుకొచ్చాడు. డాక్టరుగారు వాడికి చివరి నుంచి తిప్పారు. ఆ పూట నాకు కలిగిన సంతోషం అదొక్కటే.

తర్వాత చీకటి గదిలో మార్టిన్ లాంతరు, చిన్న రంగుదీపాలు చూపించి ఏ రంగో చెప్పమనే పరీక్ష. బయటికొచ్చేసరికి నా పేరు పక్కన రంగుల చూపు గ్రేడు: సీపీ-4, డిఫెక్టివ్ అన్‌సేఫ్. విమానం నడపాలంటే సీపీ-1 కావాలి, ఆర్మీకి అంత అక్కర్లేదు. ఒకే కంటికి ఆకాశంలో ఒక వెల, నేల మీద ఒక వెల. నాది నేల మీద కూడా చెల్లలేదు. ముక్కు దూలం వంకరున్న మావాడు ఆపరేషన్ చేయించుకుని, 42 రోజుల లోపల అప్పీల్ బోర్డుకెళ్ళి ఫిట్ రాయించుకున్నాడు. నాకు ఏం ఆపరేషన్ చేస్తారు? ఎత్తులో గూర్ఖాలకూ ఈశాన్య కొండలవాళ్ళకూ 5 సెంటీమీటర్లు, లక్షద్వీప్ వాళ్ళకు 2 సెంటీమీటర్లు సడలింపు ఉంది. రంగులో రవ్వంత కూడా లేదు. డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకేమో అక్కడి సైన్యంలో అయితే వేవర్, అంటే మినహాయింపు, అడగొచ్చంటాడు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఎవరి వేవర్ వాళ్ళదేనట. వింటుంటే పండగ డిస్కౌంట్లలా ఉంది.

మీది తప్పని అనను. ఓడకు ఎడమన ఎర్ర దీపం, కుడిన ఆకుపచ్చ దీపం. రాత్రిపూట నాలాంటివాడు తారుమారు చేస్తే సముద్రం ఊరుకోదు. కానీ మీలో ఇంకో రకం పుటలున్నాయే, అందరికీ ఉత్త చుక్కలే కనబడి మాలాంటివాళ్ళకు మాత్రం అంకె కనబడేవి, ఆ సంగతేంటి? అలాంటి పుటలో నేను 45 అని చదివితే డాక్టరుగారు దాన్నీ నా తప్పుల్లోనే రాసుకున్నారు. చుక్కల్లో దాక్కున్నది ఆయనకు కనబడలేదు, నాకు కనబడింది. అన్‌సేఫ్ నేను.

ఈ చూపు మా మేనమామది. నాకు మామ పోలిక వచ్చిందని, అదృష్టవంతుడినని ఊరంతా అనేది. పోలిక ముక్కులో కాదు, అమ్మ దాచి అందించిన జన్యువులో ఉందని మీవల్ల తెలిసింది. మామ ముప్పై ఏళ్ళుగా టమోటా పండిస్తున్నాడు. మండీకి పోయే బాక్సుల్లో దోరవి వేరు, పండ్లు వేరు సర్దుతాడు, కాయ తొడిమ దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి. సంగతి చెబితే, "ఏంరా అబ్బీ, ఎర్రగుందా పచ్చగుందా అని చూసి చెప్తారా ఎవురన్నా? పట్టుకుంటే తెలీదా?" అన్నాడు. అయినా ఆకుకీ పచ్చే, పసుపుకీ పచ్చే అనే భాషలో పుట్టినవాణ్ణి పట్టుకుని రంగులు అడగడమేమిటండీ?

2020లో రూల్ మారాక మాలాంటివాళ్ళలో మరీ ముదరనివాళ్ళకు డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తున్నారు. నాకూ ఇచ్చారు. సిగ్నల్లో పైదీపం ఎరుపు, కిందిది ఆకుపచ్చ, అంతే లెక్క. 2022లో ఇక్కడ కొన్ని కూడళ్ళలో ఎర్రదీపాన్ని గుండె ఆకారంలో పెట్టారు. నా జీవితంలో తడుముకోకుండా గుర్తుపట్టిన ఎరుపు అదొక్కటే.

ఇప్పుడు అమ్మ మామ కూతుర్ని చేసుకోమంటోంది. లెక్క వేశాను: మా పిల్లల్లో మగైనా ఆడైనా ఒక్కొక్కరికీ మీ 74 దగ్గర 21 అనే అవకాశం సగానికి సగం. అమ్మకు చెబితే, "అయితే ఏం, ఇంటి పోలికే కదా" అంది.

శుభలేఖ పంపిస్తాను. నాలుగు మూలలా పచ్చగా ఉంటుంది. ఏ పచ్చో మీరే చూసి చెప్పండి.

ఇట్లు,
చెస్ట్ నంబరు 21 (నాకు కనబడినంతలో)